బ్రష్ రాత ఫాంట్లు: నల్లగొండ, పాలమూరు పనులకు తరచుగా అడిగే ప్రశ్నలు

డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్స్ షాపుల్లో, పెండ్లి పత్రికల ప్రెస్సుల్లో, బోర్డులు చేసే చోట బ్రష్ రాత ఫాంట్ల గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇవి. పని చేసేవాళ్లకూ, చేయించుకునేవాళ్లకూ కలిపే జవాబులు రాశాం.

బ్రష్ రాత ఫాంటు అంటే ఏంది? చేతిరాత ఫాంటు, ఇది ఒకటే కాదా?

కాదు. చేతిరాత ఫాంటు పెన్నుతో రాసినట్టు ఉంటుంది. గీత మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే మందం. బ్రష్ రాతలో కుంచె ఆనిన చోట గీత లావుగా పడుతుంది, మలుపులో సన్నబడుతుంది, కుంచె లేపిన చోట చిన్న తోక మిగులుతుంది. అక్షరాలు గీత గీసినట్టు వరుసగా కూర్చోవు. ఒకటి కాస్త పైకి, ఇంకొకటి కాస్త కిందికి. ఎవరో ఇప్పుడే వచ్చి రాసిపోయినట్టు అనిపించాలి. గోడల మీద, లారీల వెనుక, టీ హోటల్ పలకల మీద పెయింటర్లు రాసిన రాతకు ఇది వారసురాలు.

ఇంగ్లిషులో ఈ తీరుకు పేరు తెచ్చిన వాటిలో బ్రష్ స్క్రిప్ట్ ఒకటి. రాబర్ట్ ఇ. స్మిత్ గీశాడు, అమెరికన్ టైప్ ఫౌండర్స్ 1942లో విడుదల చేసింది. 1953లో రోజర్ ఎక్స్‌కొఫాన్ గీసిన మిస్ట్రాల్ వచ్చింది. రెండింటిలోనూ చిన్న బడి అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడుస్తాయి. బ్రష్ గుణం అంతా ఆ కలయికలోనే ఉంటుంది.

తెలుగులో అక్షరాలు కలవవు కదా, మరి బ్రష్ గుణం ఎక్కడ కనిపిస్తది?

అసలు విషయం ఇదే. తెలుగు అక్షరం గుండ్రటిది, ఒంటరిది. పక్క అక్షరంతో బలవంతంగా కలిపితే చదవడానికి రాదు. కాబట్టి తెలుగులో కుంచె జాడ నాలుగు చోట్ల వెతకాలి: తలకట్టు, కొమ్ము, ఒత్తు తోక, పొల్లు. తలకట్టు చిన్న టిక్కు గుర్తులాంటిది. పెయింటరు దాన్ని ఒక్క విసురుతో వేస్తాడు, ఎడమ చివర సన్నం, కుడి చివర లావు. ఆ విసురు ఫాంటులో కనిపిస్తే మిగతా అక్షరం నిదానంగా ఉన్నా బ్రష్ రాతలాగే ఉంటుంది. తలకట్టు అచ్చు పుస్తకంలోలాగా ఉండి, అక్షరం అంచులు మాత్రం గరుకు చేసి ఉంటే అది బ్రష్ రాత కాదు, మాసిపోయిన అచ్చు.

ఇంకో సంగతి. ఖ, జ, ట, ణ, బ, ల అక్షరాలకు తలకట్టే ఉండదు. గుడి పెట్టినా, ఎత్వం పెట్టినా, ఒత్వం పెట్టినా ఉన్న తలకట్టు పోతుంది. అందుకే ‘బజ్జీ’ అనే మాటలో ఒక్క తలకట్టు కూడా లేదు. అలాంటి మాటలో కుంచె గుణం అక్షరం వంపులోనుంచే రావాలి. నాసిరకం ఫాంట్లు ఇక్కడ దొరికిపోతాయి. ‘పాలకూర’ అందంగా వస్తుంది, ‘బజ్జీ’ చప్పగా పడుతుంది.

కొనే ముందు, దించుకునే ముందు ఫాంటును ఎట్ల పరీక్ష చేయాలి?

ఫాంటు అమ్మేవాళ్లు చూపించే నమూనా మాటలు నమ్మొద్దు, వాళ్లు అందంగా వచ్చే మాటలే ఎంచుకుంటారు. మన ఊళ్ల పేర్లు కొట్టి చూడండి. జడ్చర్ల అంటే పక్కపక్కనే రెండు ఒత్తులు, అవి ఒకదానికొకటి తగులుతున్నాయో లేదో తెలుస్తుంది. మిర్యాలగూడలో ర కింద యావత్తు ఉంటుంది, ఆ యావత్తు తోక పక్క అక్షరం కిందికి ఎంత దూరం పోతుందో చూడాలి. నాగర్‌కర్నూల్‌లో రెండు పొల్లులు, ఒక నావత్తు. నల్లగొండలో లావత్తు, ఒత్వం, సున్న మూడూ ఉన్నాయి.

ఆ తరువాత ‘స్త్రీ’, ‘వస్త్రం’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ కొట్టండి. ఇవి మూడు హల్లులు కలిసిన అక్షరాలు. ‘స్త్రీ’, ‘వస్త్రం’లో తావత్తు, క్రారవడి రెండూ పట్టాలి. ఫాంటు సరిగా కట్టకపోతే ఇక్కడ ఒత్తు మీద ఒత్తు ఎక్కి నల్లటి మరక అవుతుంది.

మూడో పరీక్ష జంటలది: ప–వ, వు–మ, ద–ధ–థ, బ–భ, ర–ఠ. ‘ప’లో తలకట్టుకూ కింది గిన్నెకూ మధ్య ఖాళీ ఉండాలి. లావు కుంచె ఆ ఖాళీని మూసేస్తే దూరం నుంచి ‘వ’లాగా కనిపిస్తుంది. ‘వు’కు కొమ్ము కింది నుంచి తిరిగి రావాలి, పక్కకు తగిలిస్తే ‘మ’ అయి కూర్చుంటుంది. ‘ధ’ కింది గీత, ‘థ’ లోపలి చుక్క చిన్నవి కాబట్టి బ్రష్ ఫాంట్లలో ముందు మాయమయ్యేవి అవే. ఈ పరీక్ష మాటలను స్క్రీన్ మీద పెద్దగా చూసి ఊరుకోవద్దు. అర అంగుళం ఎత్తులో ప్రింటు తీసి, గోడకు అంటించి, ఐదారు అడుగుల దూరం నుంచి చదవండి. తడుముకున్నారంటే ఆ ఫాంటు బోర్డుకు పనికిరాదు.

ఉచితంగా దొరికేవి ఉన్నయా? వ్యాపారానికి వాడుకోవచ్చునా?

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. చేతిరాత తీరు కావాలంటే లక్కి రెడ్డి, అలంకారంగా కావాలంటే రవి ప్రకాష్, ధూర్జటి చూడండి. ఇవి శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వానాలకు చేసినవి, చిన్న సైజులో నిలబడవు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ‘సురవరం’ అనే ఫాంటు కూడా అక్కడే ఉంది. అది బ్రష్ రాత కాదు గానీ ఆ పేరు చూసి దించుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాం.

గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఆ లైసెన్సు ప్రకారం షాపు బోర్డుకు, సరుకుల లేబుల్‌కు, పుస్తకం అట్టకు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. వేరే చోట దించుకున్న ఫాంటుతో పాటు వచ్చే చిన్న టెక్స్ట్ ఫైలు తెరిచి చదవండి. ‘సొంత వాడకానికి మాత్రమే’ అని ఉంటే తొక్కు సీసా లేబుల్ మీద వాడినా తప్పే.

ఏ పనులకు బాగుంటది? ఏ పనులకు పెట్టొద్దు?

మనిషి చేయి కనిపించాల్సిన చోట బాగుంటుంది. బత్తాయి రసం బండి, టిఫిన్ సెంటర్, ఇంట్లో పట్టిన మామిడికాయ తొక్కు, బతుకమ్మ శుభాకాంక్షల ఫ్లెక్స్, కురుమూర్తి జాతర, చెర్వుగట్టు జాతర పోస్టర్ శీర్షిక, బడి వార్షికోత్సవం, కబడ్డీ పోటీల కరపత్రం, చేనేత చీరల ట్యాగు. వీటన్నిటిలో ఒకటి నుంచి ఐదు మాటల దాకా బ్రష్ రాత పెట్టి, మిగతా అంతా సాదా ఫాంటులో ఉంచాలి.

దవాఖాన బోర్డు, మందుల మోతాదు, బ్యాంకు నోటీసు, వేలం ప్రకటన, కరెంటు హెచ్చరిక, వీటికి పెట్టొద్దు. దశదినకర్మ పత్రికకు, శ్రద్ధాంజలి ఫ్లెక్స్‌కు అసలే పెట్టొద్దు. బ్రష్ రాత స్వభావం చలాకీది. దుఃఖం ఉన్న ఇంటి కాగితం మీద అది చనువు తీసుకున్నట్టు ఉంటుంది. డిజైనర్ దగ్గర టెంప్లేట్ అట్లనే ఉంది కదా అని ఫొటో మార్చి ఇచ్చేస్తారు, అడిగి మార్పించుకోండి.

పెండ్లి పత్రికలో ఎంత వరకు వాడాలి?

వధూవరుల పేర్లకు వాడండి, అక్కడితో ఆపండి. సుముహూర్తం, తేదీ, ఫంక్షన్ హాలు పేరు, ఫోన్ నంబరు సాదా ఫాంటులో ఉండాలి. బ్రష్ అంకెల్లో 1, 7 ఒకేలా ఉంటాయి. 10–16 ముహూర్తాన్ని 10–76 అని ఎవరూ చదవరు గానీ 11వ తేదీనా 17వ తేదీనా అని తికమకపడేవాళ్లు ఉంటారు.

సైజు విషయానికి వస్తే పేర్లు 26 నుంచి 34 పాయింట్లు, కింది పాఠం 12 నుంచి 14 పాయింట్లు ఉంటే కళ్లకు తేడా సాఫీగా తెలుస్తుంది. పేరు రెండు వరుసల్లో వస్తే వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి. తెలుగులో పై వరుస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిషుకు సరిపోయే దూరం పెడితే రెండూ గుద్దుకుంటాయి.

గోల్డ్ ఫాయిల్‌తో గానీ స్క్రీన్ ప్రింటింగ్‌తో గానీ వేయిస్తుంటే ఫాంటులో అర మిల్లీమీటరు కన్నా సన్నని గీతలు లేకుండా చూసుకోవాలి. గరుకు కాగితం మీద ఆ గీతలు తెగిపోతాయి. ఎండిన కుంచెతో రాసినట్టు లోపల తెల్లటి చారలు ఉన్న ఫాంట్లు ఫాయిల్‌కు పనికిరావు. ఆ చారలు కొన్ని నిండిపోతాయి, కొన్ని మిగిలిపోతాయి, ఒక్కో పత్రిక ఒక్కోలా వస్తుంది.

ఫ్లెక్స్ కోసం ఫైలు ఏ సైజులో చేయాలి?

అసలు సైజులోనే 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) పెట్టుకుంటే మామూలు ఫ్లెక్స్‌కు చాలు. 6×4 అడుగుల ఫ్లెక్స్ అంటే 72×48 అంగుళాలు, అంటే 5184×3456 పిక్సెళ్లు. దగ్గర నిలబడి చదివే 3×2 స్టాండీ అయితే 150 పెట్టండి. పెండ్లి పత్రికకు, లేబుల్‌కు 300. ఫోన్‌లో చేసిన చిన్న బొమ్మను సాగదీసి పంపితే బ్రష్ రాత అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. సాదా ఫాంటులో ఆ లోపం కొంత దాగుతుంది గానీ వంపులన్నీ సన్నగా ముగిసే బ్రష్ రాతలో దాగదు.

రంగు సీఎంవైకేలో (ప్రింటింగుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో) పెట్టి, అక్షరాన్ని ముదురు రంగులో గానీ తెల్లగా గానీ ఉంచి, ఒక్క అవుట్‌లైన్ ఇవ్వండి. ఎరుపు మీద పసుపు, దాని చుట్టూ తెలుపు, దాని చుట్టూ నీలం, ఆ పైన నీడ, ఇట్లా పొరలు పెంచితే కుంచె తోకలన్నీ అవుట్‌లైన్ లోపల మునిగిపోతాయి. నాలుగు పొరల తరువాత మిగిలేది ఉబ్బిన ముద్ద.

హైవే పక్కన హోటల్ బోర్డుకు బ్రష్ రాత సరిపోతదా?

పేరు చిన్నదైతే సరిపోతుంది. లెక్క చూడండి. బోర్డుల పనిలో ఒక అంగుళం ఎత్తు అక్షరం 10 అడుగుల దూరం నుంచి సుఖంగా చదవొచ్చు అని అంచనా. నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో బండి 80 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవరు చదవడానికి మూడు సెకన్లు దొరకాలంటే బోర్డు 67 మీటర్ల దూరం నుంచే కనిపించాలి, అంటే సుమారు 220 అడుగులు. అక్షరం ఎత్తు 22 అంగుళాలు కావాలి. రెండడుగులకు రెండంగుళాలు తక్కువ.

ఈ 22 అంగుళాలు అక్షరం నడుము కొలత, గుడి నుంచి ఒత్తు దాకా కాదు. పైన గుడికి, కింద ఒత్తుకు కలిపి దాదాపు ఇంకో అంతే జాగా పోతుంది. అంటే 4 అడుగుల ఎత్తు బోర్డు మీద ఒకే వరుస పడుతుంది. అదే బోర్డు మీద పేరు, ‘ఏసీ, నాన్ ఏసీ’, బిర్యానీ బొమ్మ, రెండు ఫోన్ నంబర్లు కావాలంటే హైవే మీద పోయేవాళ్లకు ఏదీ అందదు. వాలు కూడా తక్కువ ఉండాలి, 10 డిగ్రీల లోపు. ఎక్కువ వాలిన తెలుగు అక్షరం దూరం నుంచి పక్క అక్షరం ఒత్తును తనదిగా కలుపుకున్నట్టు కనిపిస్తుంది.

ఫొటోషాప్‌లో ఒత్తులు కింద పడకుండా పక్కకు వస్తున్నయి, ఎందుకు?

ఫాంటు తప్పు కాదు, సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు కలిపే పని అప్పగించలేదు. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకు కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతిలో) ‘ల్ల’ అంటే ల, పొల్లు, ల అనే మూడు సంకేతాలు. వాటిని చూసి లావత్తు బొమ్మను పెట్టడం సాఫ్ట్‌వేర్ బాధ్యత. ఫొటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్ లోకి వెళ్లి ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఉంటుంది. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ కింద ‘షో ఇండిక్ ఆప్షన్స్’ టిక్కు పెట్టి, పారాగ్రాఫ్ ప్యానెల్‌లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్. సెట్టింగు మార్చాక కూడా పాత టెక్స్ట్ పాతలాగే ఉంటే ఆ టెక్స్ట్‌ను ఎంచుకొని కంపోజర్ మార్చండి, లేదా కొత్త ఫైలులో మళ్లీ అతికించండి.

మీ దగ్గర ఉన్నది పాత ఫొటోషాప్ అయితే ఈ ఎంపికలు ఉండవు. అప్పుడు ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మాట కొట్టి, పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చి, పీడీఎఫ్‌గా దాచి, దాన్ని ఫొటోషాప్‌లో తెరవండి. ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు వేరే సెట్టింగు ఏదీ లేకుండానే సరిగా పడతాయి.

వర్డ్‌లో ఫాంటు మార్చినా మారట్లేదంటే కంట్రోల్ డి నొక్కి, ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని ఉన్న గడిలో ఫాంటు పేరు, సైజు పెట్టండి. తెలుగుకు వర్డ్ ఆ గడినే చూస్తుంది.

మా దగ్గర అన్నీ అను ఫాంట్లే ఉన్నయి. వాటితో కొత్త బ్రష్ ఫాంట్లు కలిపి వాడొచ్చునా?

ఒకే పేజీ మీద వాడొచ్చు, ఒకే టెక్స్ట్‌ను ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఫాంటు పేరు మార్చి తేలేం. అను ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు పెట్టి ఉంటాయి. యూనికోడ్ ఫాంటు పెట్టగానే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చుకోవాలి, మార్చాక క్రారవడి, వట్రసుడి, పొల్లు ఉన్న మాటలన్నీ ఒకసారి కళ్లతో చూసుకోవాలి. తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ పని చేయదు. ఆ పేజీలోకి బ్రష్ శీర్షిక కావాలంటే వేరే చోట చేసి బొమ్మగా తెచ్చి పెట్టుకోవడమే దారి.

‘మహబూబ్‌నగర్’ అని కొడితే ‘బ్న’ అయిపోతున్నది. విడదీయడం ఎట్ల?

బ్ తరువాత న రాగానే నావత్తు పడుతుంది, అది భాష నియమం. ఆపాలంటే మధ్యలో కంటికి కనిపించని విడదీసే గుర్తు పెట్టాలి. వర్డ్‌లో బ్ కొట్టాక 200సీ అని ఇంగ్లిషులో టైపు చేసి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది పడుతుంది. ఆ తరువాత ‘నగర్’ కొట్టండి. ఒకసారి సరిగా వచ్చిన మాటను నోట్‌ప్యాడ్‌లో దాచుకొని అతికించుకుంటే పని తేలిక. నాగర్‌కర్నూల్, ఫేస్‌బుక్, సూపర్‌మార్కెట్, అన్నింటికీ ఇదే పద్ధతి. ఇది లేకుండా మధ్యలో ఖాళీ కొట్టేస్తే ‘మహబూబ్ నగర్’ అని రెండు మాటలవుతుంది, రెండో మాట ఇంకో వరుసలోకి దూకుతుంది కూడా.

కొన్ని బ్రష్ ఫాంట్లలో ఈ గుర్తు పెట్టగానే చిన్న డబ్బా కనిపిస్తుంది. ఆ ఫాంటులో గుర్తుకు చోటివ్వలేదని అర్థం. అలాంటప్పుడు మాటను రెండు ముక్కలుగా రాసి దగ్గరికి జరపండి.

అవుట్‌లైన్ పెడితే అక్షరం లోపల అడ్డగీతలు వస్తున్నయి?

బ్రష్ ఫాంట్లలో ఒత్తు, కొమ్ము, దీర్ఘం వేరు వేరు బొమ్మలు, అక్షరం మీదికి కొంచెం ఎక్కి ఉంటాయి. రంగు నింపినప్పుడు ఆ అతుకు కనిపించదు, గీత పెట్టగానే బయటపడుతుంది. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేసి (అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చి) వెల్డ్ చేయండి, అంటే ముక్కలను ఒక్కటిగా కలపండి. ఇల్లస్ట్రేటర్‌లో అవుట్‌లైన్స్ చేసి పాత్‌ఫైండర్‌లో యునైట్. ఆ తరువాతే గీత పెట్టాలి. గీతను అక్షరం వెనక్కి పంపి, మూలలు గుండ్రంగా పెట్టండి. మొనదేలిన మూలలు పెడితే తలకట్టు చివరల ముళ్లు మొలుస్తాయి.

స్టిక్కర్ కటింగ్‌కు, అక్రిలిక్ అక్షరాలకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

స్టిక్కర్ కటింగ్‌కు గరుకు అంచుల ఫాంటు తీసుకోవద్దు. ఒక్కో అక్షరం అంచు మీద నోడ్స్ అనే చుక్కలు వందల కొద్దీ ఉంటాయి, బ్లేడు ప్రతి చుక్క దగ్గరా మలుపు తిరుగుతుంది, వినైల్ చిరుగుతుంది. అదే ఫాంటు తప్పదంటే కోరెల్‌లో షేప్ టూల్‌తో అన్ని చుక్కలు ఎంచుకొని ‘రెడ్యూస్ నోడ్స్’ నొక్కండి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ ఎల్. మరీ ఎక్కువసార్లు నొక్కితే తలకట్టు గుండ్రంగా మారి కుంచె గుణం పోతుంది, ఒకటి రెండు సార్లు చాలు. వెల్డ్ చేయడం మర్చిపోతే అతుకుల దగ్గర బ్లేడు రెండుసార్లు కోస్తుంది, ఒత్తు ఊడి చేతికొస్తుంది. 3 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలు ఏరేటప్పుడు లేచిపోతాయి, కాబట్టి ‘థ’ చుక్క కొలత ముందే చూసుకోండి.

అక్రిలిక్ అక్షరాల దగ్గర ఇంగ్లిషుకు లేని చిక్కు ఒకటి ఉంది. ప, ఫ, ష, స, హ అక్షరాల తలకట్టు కింది గిన్నెకు అంటదు. లేజరు మీద కోసినప్పుడు అది విడి ముక్కగా వస్తుంది. ఒత్తు ఇంకో విడి ముక్క. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) బోర్డు మీద వాటిని ఎక్కడ అతికించాలో ఫిట్టింగుకు వెళ్లిన కుర్రాడికి తెలియదు, ‘సూర్యాపేట’లో తలకట్టు ఒక దిక్కు, ఒత్తు ఒక దిక్కు పడతాయి. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. అక్షరం చుట్టూ 10 నుంచి 15 మిల్లీమీటర్లు వెడల్పు చేసిన వెనుక పలకను ఇంకో రంగులో కోయించి, ముక్కలన్నీ వర్క్‌షాపులోనే దాని మీద అతికించి పంపడం మొదటిది, మంచిది కూడా. రెండోది, అసలు సైజులో కాగితం మీద అక్షరాల గీతలు ప్రింటు తీసి బోర్డుకు అంటించి, దాని ప్రకారం అతికించాక కాగితం చింపేయడం.

అక్షరాల మధ్య దూరం పెంచొచ్చునా? బోల్డ్ చేయొచ్చునా?

దూరం సున్నా దగ్గరే ఉంచండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దూరం పెంచినప్పుడు ఒత్తునూ, దీర్ఘాన్నీ కూడా విడి అక్షరాలుగా లెక్కపెట్టి దూరం జరుపుతాయి. ఎడం తప్పనిసరైతే కర్వ్స్ చేశాక చేత్తో జరపండి. కృత్రిమంగా బోల్డ్ చేయొద్దు. బ్రష్ రాత ప్రాణం లావు సన్నాల తేడాలో ఉంది, బోల్డ్ నొక్కితే సన్నం కూడా లావై ఆ తేడా చచ్చిపోతుంది. ఇటాలిక్ కూడా అంతే, ఇప్పటికే వాలి ఉన్న అక్షరాన్ని ఇంకా వాల్చినట్టు అవుతుంది.

ఇంగ్లిషు మాటలు, అంకెలు కలిసి వస్తే?

తెలుగు బ్రష్ ఫాంటులో ఇంగ్లిషు అక్షరాలు ఉంటే మందం సరిపోతుందో లేదో చూడండి. లేకపోతే ఇంగ్లిషుకు వేరే బ్రష్ ఫాంటు పెట్టి, తెలుగు అక్షరం నడుము ఎత్తుకు ఇంగ్లిషు చిన్న బడి ఎత్తు సరిపోయేలా సైజు మార్చండి. ఇంగ్లిషు బ్రష్ స్క్రిప్టును అన్నీ పెద్ద బడి అక్షరాల్లో మాత్రం కొట్టొద్దు. ఆ పెద్ద అక్షరాలు మాట మొదట్లో ఒక్కటి ఉండటానికి గీసినవి, వరుసగా పెడితే చిక్కుపడిన దారంలా ఉంటాయి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండదు. ధరల పట్టీ చేసేటప్పుడు ఆ ఒక్క గుర్తు వేరే ఫాంటులో పడి ఎబ్బెట్టుగా కనిపిస్తే కారణం ఇదే.

ఒకే అక్షరం రెండుసార్లు వస్తే అచ్చు గుద్దినట్టు ఉంటున్నది. ఏం చేయాలి?

‘అమ్మమ్మ తొక్కులు’ అని రాస్తే రెండు ‘మ్మ’లూ కవలల్లా ఉంటాయి, చేతిరాత అనే నమ్మకం అక్కడే పోతుంది. మంచి ఫాంట్లలో ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు ఉంటాయి. ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో ‘కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్’ ఆన్ చేయండి. ఆ వసతి లేకపోతే కర్వ్స్ చేసి, రెండో అక్షరాన్ని 2, 3 శాతం పెద్దది చేసి, రెండు డిగ్రీలు తిప్పి, ఒత్తు తోకను కొంచెం లాగండి. రెండు నిమిషాల పని.

మా పెయింటర్ చేతిరాతనే ఫాంటు చేయించుకోవచ్చునా?

చేయొచ్చు, చేస్తే బాగుంటుంది కూడా. గోడల మీద ఉన్న రాతలు ఒక్కో సున్నం పూతతో పోతున్నాయి. ముందు ఆయన ఒప్పుదల తీసుకోండి, పేరు ఫాంటులో ఉండాలి, ప్రతిఫలం మాట్లాడుకోవాలి.

పని ఎంత ఉందో ముందే తెలుసుకోండి. 36 హల్లులు, ఒక్కో హల్లుకు 12 గుణింతాలు, అంటే 432 రూపాలు. దీర్ఘంలాంటివి విడిగా గీసి తగిలించొచ్చు గానీ గుడి చాలా అక్షరాల్లో ఒంట్లో కలిసిపోతుంది: బి, మి, యి, ని ఒక్కోటి ఒక్కో తీరు. వీటికి అచ్చులు, ఒత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు కలపాలి. బొత్తిగా కుదించినా కొన్ని వందల బొమ్మలు గీయాలి.

తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు గీతలు గీయించండి: గుడి పై అంచు, నడుము పై అంచు, నడుము కింది అంచు, ఒత్తు కింది అంచు. అక్షరం నడుము రెండు అంగుళాలు ఉండాలి. నల్ల ఇంకుతో, ఒకే కుంచెతో ప్రతి అక్షరం నాలుగైదుసార్లు రాయించి బాగా వచ్చింది ఎంచుకోండి. ఒత్తులను మాత్రం పెద్దగా రాసి కంప్యూటర్‌లో కుదించొద్దు. కుదిస్తే గీత మందం కూడా తగ్గి, ఒత్తులు అక్షరాల కింద బక్కచిక్కి వేలాడతాయి. చిన్న కుంచెతో చిన్నగానే రాయించాలి. 600 డీపీఐలో స్కాన్ చేసి, నలుపు తెలుపు చేసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేసి, ఫాంట్‌ఫోర్జ్‌లోకి తెచ్చుకోండి. అది కూడా ఉచితమే. ఒక్కో బొమ్మను తన యూనికోడ్ గదిలో పెట్టి, హల్లు, పొల్లు, హల్లు వరుసగా వస్తే ఒత్తు రావాలనే నియమాలు రాయాలి. ఈ నియమాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. గీసే చేయి, నియమాలు రాసే చేయి వేరు వేరు మనుషులవైనా ఫర్వాలేదు.

432 రూపాలు అయ్యే పని కాదనుకుంటే, షాపు పేరు ఒక్కటే ఆయన చేత రాయించి స్కాన్ చేసి లోగోగా వాడుకోండి. ఒకే మాటకు ఫాంటు కన్నా ఇదే మేలు. పెయింటరు ‘జడ్చర్ల’ రాసేటప్పుడు రెండు ఒత్తులు తగలకుండా ఒకదాని తోక ముందే కురచ చేస్తాడు, ఏ ఫాంటూ అంత ముందుచూపుతో రాయదు.

ఫోన్‌లో పోస్టర్ చేసుకుంటం. బ్రష్ ఫాంటు ఎక్కించడం ఎట్ల?

పిక్సెల్‌ల్యాబ్‌లాంటి యాప్‌లో ఫాంట్ల విభాగంలో ‘మై ఫాంట్స్’ ఉంటుంది, దించుకున్న ఫాంటు ఫైలు ఉన్న ఫోల్డర్ చూపిస్తే చాలు. జిప్ ఫైలు అయితే ముందు విప్పుకోవాలి. యూనికోడ్ ఫాంటే పెట్టండి. అను ఫాంటు ఫైలు పెడితే ఫోన్ కీబోర్డుతో కొట్టిన తెలుగుకు అది పట్టదు, ఫోన్‌లో ముందే ఉన్న ఫాంటే కనిపిస్తుంది.

ప్రెస్సుకు పంపితే ఫాంటు మారిపోయి వస్తున్నది?

వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి, అట్లాగే తప్పులు సరిచూడటానికి ఒక జేపీజీ కూడా. కర్వ్స్ చేశాక అక్షరదోషం దిద్దలేరు కాబట్టి టెక్స్ట్ ఉన్న అసలు ఫైలును వేరే పేరుతో మీ దగ్గర దాచుకోండి. అందులో వాడిన ఫాంటు ఫైలును కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి, వచ్చే ఏడు జాతరకు అదే ఫ్లెక్స్ తేదీ మార్చి మళ్లీ కావాలంటారు.